రెక్క కింద సీటు

ముద్దనపల్లె అన్నదమ్ములు ముగ్గురికీ ఒకటే నమ్మకం. దేవుడు తెలివంతా తమ ఇంట్లో కుమ్మరించి, ఖాళీ గిన్నె కడిగిన నీళ్ళు ఊరందరికీ పోశాడని. ఊరివాళ్ళని చూసి జాలి కూడా పడేవారు.

చిన్నవాడు గురప్పకి హైదరాబాదులో పెళ్ళి కుదిరింది. "ముహూర్తం తప్పిందంటే మా పిల్లని దాని బావకే కట్టబెడతా" అని మామ ఖండితంగా చెప్పి, పెళ్ళిరోజు పొద్దుటికి కడప నుంచి విమానం టికెట్లు పంపాడు. రెండు రెక్కలకీ ఫంకాలున్న బుల్లి విమానం. ముందెక్కినవాడిదే మంచి సీటు.

అంతకుముందు ఒకసారి విమానమెక్కిన పక్కింటాయన సలహా ఇచ్చాడు. "దాని రెక్కలు పైన ఉంటాయి. రెక్క కింద కూర్చోండి. ఎండ తగలదు, నేల బాగా కనబడుతుంది."

అంతే. విమానం దగ్గర బస్సు ఆగీ ఆగగానే పెద్దవాడు పెంచలయ్య రెక్క కిందికి ఉరికాడు. బస్సు సీటు మీదికి విసిరినట్టు తువ్వాలు విసిరి సిమెంటు నేల మీద పరిచాడు. ముగ్గురూ దానిమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"మెట్లెక్కేవాళ్ళని చూడరా, పోయి పోయి లోపల ఇరుక్కుంటాండారు," అన్నాడు పెంచలయ్య.

"నేల భలే కనపడతాందన్నా," అన్నాడు గురప్ప.

కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "లేవండయ్యా."

"ఎందుకు లేస్తాం? తువ్వాలేసినాం గదా."

ఇంకేముంది, రెక్కలు పట్టుకుని లేపి లోపల కూలేశారు. నడిపివాడు ఓబులేసు కిటికీలోంచి ఫంకా చూసి అదిరిపోయి, విమానంలో పనిచేసే అమ్మాయిని పిలిచాడు.

"అమ్మా, ఆ ఫంకా ఏయొద్దని డ్రైవరుకి చెప్పు. మావోడికి జలుబు. తాళి కట్టేటప్పుడు తుమ్మితే అపశకునం."

"అది తిరక్కపోతే విమానం లేవదండీ."

"హైదరాబాదు దాకా ఓర్చుకోమను తల్లీ. దిగినాక ఎంతసేపన్నా ఏసుకోమను."

ఆ పిల్ల చేతులు జోడించింది. "మీరు చివరి సీట్లలోకి వెళ్ళండి. అవే మంచివి. తలుపు పక్కనే. అందరికంటే ముందు దిగేది మీరే."

వెళ్ళి కూర్చున్నారు. తలుపింకా వెయ్యలేదు.

"ఇంతవరకు ఎవరన్నా దిగినారా?" అడిగాడు పెంచలయ్య.

"ఒక్కరూ దిగలేదన్నా."

"మరి కూర్చుంటారేందిరా?"

అంతే. ముగ్గురూ చకచకా దిగిపోయారు. ఆ పిల్ల పిలవనూ లేదు, ఆపనూ లేదు. దణ్ణం పెట్టుకుని తలుపు వేసేసింది.

గురప్ప మామకి ఫోన్ చేశాడు. "మామా, దిగేసినాం. మాకన్నా ముందు దిగినోడు లేడు."

పెళ్ళి హడావిడిలో ఆయనా గడియారం చూడలేదు. "శభాష్ అల్లుడూ. కారు పంపుతున్నా, గేటు దగ్గరే ఉండు."

కడప గేటు దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. ముహూర్తం వచ్చింది, పోయింది. హైదరాబాదులో పెళ్ళికూతురి బావ మొహం కడుక్కుని పీట మీద కూర్చుని, తాళి కట్టేసి భోజనానికి కూడా లేచాడు.

"కారు రాలేదేందన్నా?" గురప్ప ఏడుపు మొహం పెట్టాడు.

పెంచలయ్య తాపీగా అన్నాడు. "వస్తుందిలేరా. మనమే మరీ ముందు దిగేస్తిమి."