ఇరవై ఏడు మెట్లు

పసిడిగట్టు రాజ్యాన్ని ఒకప్పుడు వీరభైరవ భూపతి ఏలేవాడు. ఆయనకు తన రాజ్యమంటే ఎంత గర్వమో, తనంటే అంతకు నాలుగింతలు.

పంటలు బాగా పండే చోటు కాబట్టి పొరుగు దేశాల నుంచి జనం వలస వచ్చేవాళ్లు. రాజుకది నచ్చలేదు. "పసిడిగట్టులో కాలు పెట్టడం అంత తేలికా?" అని ఆస్థాన పండితుడి చేత పది ప్రశ్నలు రాయించాడు. చదవకుండానే ముద్ర వేశాడు.

"పొలిమేర దాటి వచ్చి మన కోట గుమ్మం తొక్కేది ఎవరైనా సరే, నేనైనా సరే, పదింటికీ జవాబు చెప్పాల్సిందే" అని సభలో మీసం దువ్వాడు. ప్రశ్నలడిగే పని విదూషకుడు తిప్పనకు అప్పగించాడు.

నెల తిరిగేసరికి కోట మెట్ల మీద కదిరప్ప అనే ముసలి నేతగాడు మిగిలాడు. కరువుకు ఊరు విడిచి, మగ్గం బండికెత్తుకుని, నెలలు నిండిన కూతురు ఓబుళమ్మతో వచ్చినవాడు. వచ్చేపోయేవాళ్లనడిగి తొమ్మిది జవాబులు నేర్చుకున్నాడు. పదో ప్రశ్న, "లోపల నీవాళ్లెవరున్నారు?"

"ఎవరూ లేరయ్యా" అని నిజం చెప్పాడు. అక్కడే ఆగిపోయాడు.

"మబ్బు పట్టిందయ్యా. నా బిడ్డ కానుపు వానలో కాకుండా చూడు, చాలు" అని తిప్పన చేతులు పట్టుకున్నాడు.

"రేపటి దాకా ఓపిక పట్టు పెద్దాయనా. రాజుగారు పొలిమేర అవతల వేటకెళ్లారు. రానీ" అన్నాడు తిప్పన.

మర్నాడు రాజుగారి పల్లకీ మెట్లెక్కి గుమ్మం ముందుకు రాగానే తిప్పన అడ్డం నిలబడ్డాడు.

"నన్నెరగవా తిప్పనా?"

"ఎరగకేం ప్రభూ. ఎరిగినవాళ్లను వదలమని తమరు చెప్పలేదు. 'నేనైనా సరే' అని మాత్రం చెప్పారు."

"నా రాజ్యం గురించి నాకే పరీక్షా? అడుగు."

"ఈ కోటకు మెట్లెన్ని?"

రాజు పుట్టింది ఆ కోటలోనే. కానీ ఏనాడూ పల్లకీ దిగి మెట్లెక్కినవాడు కాదు. వెనక్కి తిరిగి చూడబోతే తిప్పన తెర దించాడు. బోయీలు నేలచూపులు చూశారు. వాళ్లకు తెలుసు, చెప్పే ధైర్యం లేదు.

"రాజ్యంలో పొద్దు పొడుపు ఎండ మొదట పడే ఊరేది?"

రాజు వెంట ఉన్న పండితుడి వైపు చూశాడు. "జవాబులు రాసుకున్న తాటాకు ఇంట్లో ఉండిపోయింది ప్రభూ" అని నసిగాడు పండితుడు.

"అయితే తమరు బయటే ఆగాలి" అన్నాడు తిప్పన.

అన్న మాట మింగలేక రాజు పల్లకీ దిగి మెట్ల మీద కూర్చున్నాడు. చినుకు మొదలైంది. పక్కనున్న కదిరప్పకు జాలేసింది.

"ఇరవై ఏడు దొరా. పద్దెనిమిదోది కదులుతుంటే పిల్లలు పడతారని నిన్న రాయి పెట్టి బిగించాను. ఎండ మొదట పడేది తూరుపుపాళెంలో" అని మెల్లగా అందించాడు. అలా తొమ్మిదీ అందించాడు. రాజు తొమ్మిదీ చెప్పాడు.

"పదోది. లోపల తమవాళ్లెవరున్నారు?"

"ఊరంతా నావాళ్లే."

"ఇంకేం, దయచేయండి. జవాబులు అందించినవాడు మాత్రం ఇక్కడే తడుస్తాడు. శాసనం శాసనమే కదా."

రాజు లేచి, కదల్లేక నిలబడ్డాడు. మెట్ల దిగువన ఆపిన బండి కింద నుంచి ఓబుళమ్మ మూలుగు వినిపించింది.

"తిప్పనా, ఆయన్ను పదోది మళ్లీ అడుగు."

"కదిరప్పా, లోపల నీవాళ్లెవరున్నారు?"

ముసలాయన నోరు తెరిచేలోగా రాజే అన్నాడు. "నేనున్నానని రాసుకో."

ఓబుళమ్మ పల్లకీలో లోపలికి వెళ్లింది. రాజు ఆమె వెనక నడిచి వెళ్లాడు. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టిందన్న కబురు విని పకపకా నవ్వి, తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.

"ఇక తలుపులు పీకేయమంటావా?"

"వద్దు ప్రభూ. ఇంటికి తలుపుండాలి. ఏం పని వచ్చు, ఎవరికైనా కీడు చేసి వచ్చావా అని అడుగుదాం, నిజమో కాదో ఆరా తీద్దాం. మనకే రాని జవాబులు మాత్రం వాళ్లనడగొద్దు. అయినా నలుగురొచ్చి తలుపు తడుతున్నారంటే అది మన గొప్ప కాదా? ఎవరూ రాని రాజ్యానికి కాపలా ఎందుకు?"

ఆ ఏడు దసరాకు కదిరప్ప విడిచి వచ్చిన దేశపు రాజు విందుకొచ్చాడు. వీరభైరవుడి పట్టు ఉత్తరీయం చూసి కళ్లు తిప్పుకోలేక, "ఇంతటి పనివాళ్లు మీకెక్కడ దొరికారు?" అని అడిగాడు.

"దొరకడమేమిటి, మావాళ్లే" అని వీరభైరవ భూపతి మీసం దువ్వాడు.