తెర తీయని ఆట

రత్నగిరి రాజుగారు దండోరా వేయించారు: "తొలిసారి వీధినాటకం ఆడే బృందాలకు గజ్జెలకూ తెరకూ చిన్న ఈనాం ఇస్తాం!" మేదరవీధి ఎగిరి గంతేసింది. కానీ ఈనాములు పంచే భుజంగరాయుడు ఒక్కరికి ఇస్తే ఒట్టు. ఆడినవాళ్ళు వస్తే, "మీకిది తొలిసారి కాదుగా, పొండి!" అంటాడు. ఆడనివాళ్ళు వస్తే, "మీకు ఆట వచ్చని నమ్మకమేంటి, పొండి!" అంటాడు.

ఓ రోజు మేదరవీధిలో బుట్టలల్లే సింగారమ్మ తన బృందంతో కోట ముందుకు వచ్చేసింది. తెర లేదు కనుక ఇద్దరు వెదురు చాప అడ్డం పట్టారు. తెర తీశాక వేషం కనిపిస్తేనే ఆట మొదలైనట్టు లెక్క. వేషగాడు చాప వెనకే ఉండి పాట అందుకున్నాడు. చాప కింద అతని పాదాలు తాళం తప్పకుండా చిందులేస్తున్నాయి. జనం విరగబడ్డారు. రాజుగారూ మేడ దిగి వచ్చేశారు. భుజంగరాయుడైతే మెడ సాచి, "భలే భలే! తెర తీయండర్రా, వేషం చూపించండి!" అని కేకేశాడు.

పాట ఆగిపోయింది.

"తీస్తే ఆడినవాళ్ళమైపోతాం, ఈనాం రాదు కదయ్యా!" అంది సింగారమ్మ. "తీయకముందే మాకు ఆట వచ్చని మీరే ఒప్పుకున్నారు. ఇక ఏ వంకతో పొమ్మంటారు?"

"ఇచ్చేయవయ్యా రాయుడూ, ఆగలేకపోతున్నాం!" అన్నారు రాజుగారు. భుజంగరాయుడు ఈనాం సంచీ ఆమె చేతిలో పెట్టాడు.

చాప తీశారు. ఎదురుగా బుర్రమీసాలతో, బానపొట్టతో అచ్చం భుజంగరాయుడే!

"ఆడినవాళ్ళు పొండి! ఆడనివాళ్ళూ పొండి!" అని గద్దించింది వేషం.

నవ్వులతో కోట దద్దరిల్లింది. అసలు భుజంగరాయుడు మాత్రం తన మీసాలు తడుముకుంటూ నిలబడ్డాడు.