చెవి అందిన రోజు

అనగనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక అడవిలో ఏనుగుల బడి ఉండేది. దాన్ని నడిపేది దంతప్ప తాత. గున్న ఏనుగు తన తొండాన్ని నెత్తి మీదుగా తిప్పి, చెవి కొసను తనంతట తాను అందుకుంటేనే చేర్చుకునేవాడు.

శబరి అనే తల్లి ఏనుగుకు ఒకటే గుబులు. ‘తోటి గున్నలన్నీ బడికి పోతున్నాయి. నా బిడ్డ కలువ వెనకబడితే? ఏరు పొంగినప్పుడు దాటడం రాక ఈ ఒడ్డునే ఉండిపోతే?’ ఆ భయంతో తిండి సయించేది కాదు.

కలువ తొండం నెత్తి దాకానే వచ్చేది. పరీక్ష నాడు శబరి వెనక నిలబడి, బిడ్డ చెవిని మెల్లగా ముందుకు తోసింది. తాత కళ్ళకు మసక. “అందిందిగా, రేపట్నుంచి పంపు” అన్నాడు.

మొదటి పాఠం వెదురు విరవడం. కలువ తొండం జారిపోయింది. అందరూ నవ్వారు. రెండోది గాలిలో పులి వాసన పట్టడం. వణుకులో కలువకు ఏ వాసనా తెలియలేదు.

“నేను పోనమ్మా” అంది.

“పోకపోతే ఎలాగే? వెనకబడిపోతావు” అని శబరి తోసుకుంటూ తీసుకెళ్ళింది.

మూడోది ఏరు దాటడం. ముందున్న గున్న తోక పట్టుకుని నడవాలి. నడి ఏట్లో కలువ పట్టు తప్పింది. ఒడ్డునున్న శబరికి బిడ్డ నెత్తి కనబడింది, మునిగింది, మళ్ళీ కనబడింది. ఆ తర్వాత అంతా నీళ్ళే. శబరి ఏట్లోకి దూకి, తడిమి తడిమి, బండకు తట్టుకున్న బిడ్డను బయటికి లాగింది.

కలువ బతికింది. కానీ దాహమేసినా ఏటి దగ్గరికి వచ్చేది కాదు.

శబరి తల వంచుకుని తాత దగ్గరికి వెళ్ళింది. “చెవి తోసింది నేనే తాతా. నా భయాన్ని దాని నెత్తిన పెట్టాను.”

“ఒక ఏడాది బురదలో ఆడుకోనీ అమ్మా. ఏరు ఎక్కడికీ పోదు” అన్నాడు తాత.

కలువ బురదలో పొర్లింది, వాన గుంటల్లో గెంతింది. ఇక ఏట్లో దిగదేమోనని శబరి మాత్రం రోజూ భయపడుతూనే ఉంది. ఒక ఉదయం ఈగను తోలబోయిన కలువ తొండం చెవి కొసకు తగిలింది.

“అమ్మా, అందింది. బడికి పోదామా?”

ఈసారి పరీక్షలో శబరి తన తొండం ముడుచుకుని దూరంగా నిలబడింది. ఏరు పొంగిన నాడు కలువ ముందున్న గున్న తోక వదల్లేదు. అవతలి ఒడ్డెక్కి, ఇవతలే ఆగిపోయిన తల్లిని పిలిచింది. “నువ్వూ రా అమ్మా, భయం లేదు.”

అందుకే పిల్లలూ, ఈ మాట మీ అమ్మానాన్నలకు చెప్పండి: బిడ్డకు చెవి దానంతట అదే అందేదాకా ఆగాలి, తొందరపడి అందిస్తే చదువుకంటే ముందు భయం నేర్చుకుంటుంది.