కుంచెడు నువ్వులకు జంకిన కుబేరుడు

పూర్వం, నవనిధులకు నాథుడైన కుబేరుడంతటివాడే ఒక మానవునికి అప్పివ్వడానికి జంకిన కాలంలో, సముద్రతీరాన గంధవతి అనే పట్టణముండేది. ఈ కథలో గింజంత కల్పన ఉన్నా నా నాలుక మీద వాత పెట్టండి.

ఆ పట్టణంలో తైలవర్తకులకు తలమానికమైన పుష్కరదత్తుడు, నూనె జాడీలతో నిండిన ఓడలన్నీ తుపానులో మునిగిపోగా, మేడనూ, భార్య మంగళిక నగలనూ ఋణదాతలకు అప్పగించి, దివాలా తీసినవాడు పట్టపగలు గుమ్మంలో దీపం పెట్టుకోవాలన్న ఆ ఊరి ఆచారం ప్రకారం, ఊరి చివరి పాక ముందు దీపం వెలిగించి తలవంచుకుని కూర్చున్నాడు. అలా పెట్టినవానికి వండుకునే కుండా, గానుగా మిగులుతాయి. మాట మాత్రం చెల్లదు.

నాటినుండి అతనికి లోకమంతా అనుమానమే. పలకరించినవాడు ఎగతాళికి వచ్చాడనీ, పలకరించనివాడు చాటున నవ్వుకుంటున్నాడనీ తలచేవాడు.

అతని దుస్థితికి జాలిపడిన కుబేరుడు ముసలి ముని వేషం ధరించి, భుజాన నువ్వుల మూటతో వచ్చి, అరచేతిలో మాణిక్యం చూపి, "నాయనా, పుచ్చుకో" అన్నాడు.

పుష్కరదత్తుడు మాణిక్యాన్ని ఎండకు పెట్టి చూసి, మునిని అంతకన్నా తేరిపార చూసి, "ఎవరిది స్వామీ? వడ్డీ ఎంత? దొంగసొమ్మైతే కొరడా దెబ్బలు తినేది నేనేగా?" అన్నాడు.

"ఊరికే ఇస్తున్నానయ్యా!"

"ఊరికే ఇచ్చేవాళ్ళంటేనే నాకు హడలు. ఇది వద్దు. ఆ నువ్వుల్లో కుంచెడు అప్పివ్వండి. గానుగాడించి, నూనె అమ్ముకుని, పున్నమికి సోలెడు కలిపి తీరుస్తాను."

కుబేరుని కనుబొమలు ముడిపడ్డాయి. మూటను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "అప్పా? పగటిదీపం పెట్టినవాడివి, పున్నమిదాకా ఊళ్ళో ఉంటావని నమ్మకమేమిటి? హామీ ఎవరు?" అన్నాడు.

తలుపు చాటునున్న మంగళిక పకపకా నవ్వింది.

"బాగుంది స్వామీ! మాణిక్యం ఉత్తినే ఇస్తారు, నువ్వులు మాత్రం అరువివ్వరా? మా ఊరంతా మీలాంటి పుణ్యాత్ములే. ముష్టి వెయ్యడానికి ముందుంటారు, నమ్మడానికి ఒక్కరూ రారు."

యక్షరాజు సిగ్గుపడి కుంచం నింపాడు.

ఎద్దు లేనందున ఆలుమగలే కాడి మోసి గానుగ తిప్పారు. పున్నమినాడు పుష్కరదత్తుడు, నూనె అమ్మిన డబ్బుతో నువ్వులు కొని, అసలూ, సోలెడూ కొలిచిపెట్టి ఎదురుచూస్తుండగా, ధనేశ్వరుడు దివ్యతేజస్సుతో నిజరూపాన సాక్షాత్కరించి, నువ్వులు పుచ్చుకుని, "వత్సా, వరమిస్తున్నాను" అన్నాడు.

పుష్కరదత్తుడు సాష్టాంగపడి, లేస్తూనే, "వరానికి వడ్డీ ఉందా ప్రభూ?" అన్నాడు.

"లేదు. నీ మాట ఇకపై నాణెంలా చెల్లుగాక!"

మరునాడే రైతులు నువ్వుల బస్తాలు దించి, "డబ్బు తర్వాత ఇద్దువుగానిలే" అని వెళ్ళారు. అతను ప్రతి బస్తానూ రెండుసార్లు కొలిచాడు. ఏళ్ళు గడిచేసరికి పాత బాకీలన్నీ తీరాయి, పగటిదీపం ఆరింది.

మంగళిక నవ్వు మాత్రం నేను చేర్చిందే. నేను విన్న కథలో ఆమె తలుపు చాటునే ఉండిపోతుంది, కుబేరుడు తనంతట తానే సిగ్గుపడతాడు. అది మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు.