మేదరి ఈరప్ప మూడు ముళ్ళ తాడు

ఊఁ కొట్టేవాళ్ళుంటే చెప్తాను, లేకుంటే ఈ కథ గడప దాటదు. ఇప్పటి మాట కాదు. కొండమీది పులి వంకలో నీళ్ళు తాగి తన దారిన తాను పోయే కాలం మాట.

కొండకింద ఒక ఊళ్ళో సుంకులవ్వ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయినాడు, పిల్లలు లేరు. ఉండేదానికి ఒక కొట్టం, ఒక మంచం, ఒక మూడు రాళ్ళ పొయ్యి. ఆ పొయ్యి మీద తన సంగటి తానే కెలుక్కునేది. ఎవరి ముద్దకూ చెయ్యి చాపింది కాదు.

అవ్వకు కాళ్ళలో సత్తువ తగ్గింది. ఒకసారి గడప తట్టుకుని పడింది. ఇంకోసారి నీళ్ళ తొట్టి దగ్గర పడింది. తమ్ముడి కొడుకు ఓబులేసు వచ్చి లేపినాడు. లేపి ఒక మాట అన్నాడు.

"అత్తా, ఇంక చాలు. మూడోసారి పడినావంటే నీ పొయ్యిరాళ్ళు పీకేస్తా. మా ఇంటికొచ్చి ఒక మూల కూర్చో. వేళకింత ముద్ద పెడతాం."

"పెట్టింది తినేదానికి నేనేమన్నా గాటికి కట్టిన బర్రెనా?" అంది అవ్వ. అన్నదే గానీ లోపల బెదిరింది. పడితే పొయ్యి పోతుంది.

ఆ ఊళ్ళోనే మేదరి ఈరప్ప ఉండేవాడు. బుట్టలల్లేవాడు, చాటలల్లేవాడు. ఎవరన్నా పోతే పాడె కూడా అతనే కట్టేవాడు. కట్టేముందు నారతాడుతో పీనుగును కొలిచేవాడు. అందుకే ఆ తాడు కనబడితే పెద్దవాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. పాపం, మాట తక్కువ మనిషి.

ఒకరోజు ఈరప్ప చాట ఇచ్చేదానికి అవ్వ ఇంటికొచ్చినాడు. ఇచ్చినాక వెంటనే పోలేదు. అవ్వ ఆనుకుని ఆనుకుని గోడ మీద మసిచేతి అచ్చులు పడి ఉన్నాయి. నేల నుంచి ఆ అచ్చుల దాకా తాడు పట్టి, ఒక ముడి వేసుకున్నాడు.

అవ్వ ఆ తాడు చూసింది. నన్ను కొలుస్తున్నాడే! అనుకుంది.

రెండోరోజు వచ్చినాడు. మంచం నుంచి గడప దాకా తాడు పరిచినాడు. రెండో ముడి వేసుకున్నాడు.

నన్ను కొలుస్తున్నాడే! అనుకుంది అవ్వ.

మూడోరోజు వచ్చినాడు. "అవ్వా, ఒక్కసారి పిడికిలి బిగించు" అన్నాడు.

"ఎందుకురా? నా నోట్లో ఎన్ని బియ్యం పోయాల్నో చూసుకుంటావా? నిన్ను ఎవురు పంపినారు, ఓబులేసేనా?"

"పాడెకు కాదవ్వా. నడిచేదానికి."

"పాడె మీద ఎవురు నడిచినార్రా ఇంతవరకు!" అని అవ్వ చీపురు తీసింది.

ఈరప్ప బయటికి పోయినాడు. పోతా పోతా, చీపురు పట్టిన ఆమె పిడికిలి కేసి చూసి మూడో ముడి వేసుకున్నాడు.

ఆ వారం అవ్వ సంతకు పోయి వచ్చేసరికి గోడకు అడ్డంగా వెదుళ్ళు కట్టున్నాయి. మంచం నుంచి గడప దాకా, ఒకదాని కొసన ఇంకొకటి, రెండు పొడుగు వెదుళ్ళు. అవ్వ కేక పెట్టింది. ఊరంతా వచ్చింది.

"పాడెకు రెండే. ఇక్కడా రెండే" అన్నాడొక పెద్దాయన.

"బతికున్న మనిషికి కట్టినాడే, ఎంత గుండె!" అందొకామె.

"పీకేయండి" అన్నాడు ఓబులేసు.

పీకేదెవరు? పాడె వెదురును ఊరికే ముట్టుకుంటే ఆ చేతికి చావు అంటుకుంటుందని వాళ్ళ భయం.

"నీ అత్తే కదా, నువ్వే పీకు."

"నువ్వు పెద్దోడివి, నువ్వు పీకు."

ఎవరూ పీకలేదు. ఈరప్పను మాత్రం ఊళ్ళో అడుగు పెట్టొద్దన్నారు. అతను వంకగట్టున గుడిసె వేసుకున్నాడు. అవ్వ ఆ వెదురుకు జానెడు దూరంగా, పాము పక్కన నడిచినట్టు నడిచేది.

ముసురు పట్టింది. కొట్టంలో నేలంతా జారుడు. ఒక పొద్దున ఓబులేసు వాకిట్లోకి వస్తున్నాడు, లోపల అవ్వ కాలు జారింది. పొయ్యి పోయింది అనుకునేలోపే చెయ్యి పోయి వెదురును పట్టింది. సరిగ్గా చేతికందే ఎత్తు. సరిగ్గా పిడికిలి నిండేంత లావు. వెదురు కిర్రుమంది. ఊడలేదు.

"అత్తా, పడినావా?"

"పడబోయినా. పడలేదు. పో."

వాడు పోయినాక అవ్వ తన అరచెయ్యి చూసుకుంది. ముట్టుకున్నా కదా, ఇంక చావొస్తుంది అని మంచమెక్కింది. ఒకరోజు చూసింది, రాలేదు. రెండోరోజు చూసింది, రాలేదు. మూడోరోజు చావు రాలేదు గానీ ఆకలొచ్చింది. లేచి, వెదురు పట్టుకునే పొయ్యి దాకా పోయి సంగటి కెలుక్కుంది.

తిని, కర్ర తీసుకుని వంకగట్టుకు పోయింది.

"నిజం చెప్పు. ఏందిరా నీ ఎత్తు?"

ఈరప్ప తల వంచుకున్నాడు. "మా అమ్మ గడపకాడ పడి మళ్ళా లేవలేదవ్వా. పాడె నేనే కట్టినా. కడతా ఉంటే అనిపించింది, ఇదే వెదురు నెల ముందర గోడకు కట్టుంటే అని."

అవ్వ కర్ర పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది.

"అట్లయితే తొట్టికాడ కూడా ఒకటి కట్టు. నా వెంట ఊళ్ళోకి రా, ఎవురేమంటారో నేను చూసుకుంటా. నేను చూస్తా ఉంటే కట్టు. నీ మీద నాకింకా నమ్మకం లేదు."

కట్టినాడు. అవ్వ మళ్ళా పడలేదు. అది చూసి, ఆ రోజు "పాడెకు రెండే" అన్న పెద్దాయన వంకగట్టుకు వచ్చి, "ఊరికే ఇట్లా వస్తిని. నా పిడికిలి కొంచెం పెద్దది" అన్నాడు. ఆ తర్వాత ఇంటింటా వెదురు లేచింది.

చిత్రమేమంటే, అవ్వకంటే ముందు ఈరప్పే పోయినాడు. పాడె కట్టేవాడే పోతే పాడె ఎవరు కడతారు? కొలిచేదానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సుంకులవ్వ నడిచి వచ్చింది. చూరులో ఉన్న మూడు ముళ్ళ తాడు తీసింది.

"నన్ను మూడుసార్లు కొలిచినావు నాయనా. నిన్నొక్కసారి కొలవనీ" అని, తల నుంచి కాలి దాకా తానే కొలిచింది. ఆ కొలతకు ఓబులేసు పాడె కట్టినాడు.

అవ్వ పొయ్యిరాళ్ళు ఆమె పోయేదాకా ఎవరూ పీకలేదు.

ఇప్పటికీ ఆ కొండపక్క ఊళ్ళలో పెద్దవాళ్ళ అడుగు తడబడితే, తొలకరికి ముందే చేతికి మసి పూసి గోడ మీద అచ్చు వేయిస్తారు. ఆ ఎత్తున వెదురు కడతారు. దాన్ని ఈరప్ప చెయ్యి అంటారు. మనిషి పోయినా దాన్ని పాడెకు తియ్యరు, వెనక వచ్చేవాళ్ళకు ఉంచుతారు. ఎవడన్నా అడక్కుండా మేలు చెయ్యనొస్తే, అక్కడి ముసలోళ్ళు వాడి కేసి ఓరగా చూసి ఒక మాటంటారు.

"పాడె వెదురో, చేతి వెదురో, పట్టుకుంటే గానీ తెలీదు."