ఫోటోకి తగ్గ పెళ్ళికొడుకు

మండపేటలో గుమ్మళ్ళ వారి తెలివి గురించి మీరు వినలేదంటే నేను నమ్మను. వాళ్ళే ఊరంతా చెప్పుకుంటారు మరి! ఇంటిపెద్ద వీరాఘవులు అరుగు మీద కూర్చుని, "మా ఇంట్లో నాలుగు బుర్రలండీ. ఒకటి వాడుకుంటే చాలు, మిగతా మూడూ అరిగిపోకుండా ఉంటాయి," అనేవాడు. భార్య మంగాయమ్మ, కొడుకులు చిట్టెబ్బాయి, బుల్లియ్య అవునవునని తలలూపేవాళ్ళు.

పెద్దాడు చిట్టెబ్బాయికి అనపర్తి సంబంధం వచ్చింది. పిల్ల పేరు నూకరత్నం. ఆ పిల్ల ఫోటో చూసిన దగ్గర్నుంచీ వాడికి అన్నం సయిస్తే ఒట్టు. అబ్బాయి ఫోటో కూడా పంపమన్నారు వాళ్ళు. అంతే, నలుగురూ బజార్లో పట్టాభి స్టూడియోకి పరిగెత్తారు.

పట్టాభి ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టాడు. "కల్లో కనబడినట్టు మెత్తగా చేసిస్తాను, చూస్తూ ఉండండి," అని మౌసు కదిపాడు. ముఖం మీద గుంటలు పోయాయి. ఎడమ బుగ్గ మీద సెనగగింజంత పుట్టుమచ్చ పోయింది. వెనక గోడ మసకబారి పొగమంచులా అయింది. జుట్టు చుట్టూ వెలుగొచ్చింది.

"నా తండ్రే! నా దిష్టే తగిలేట్టుంది," అని మంగాయమ్మ మెటికలు విరిచింది.

ఫోటో అనపర్తిలో అందరికీ నచ్చింది. పిల్ల తండ్రి సత్తిరాజు గారు ఫోన్ చేశారు. "ఆదివారం వచ్చి అబ్బాయిని చూస్తాం. అమ్మాయి కూడా వస్తానంటోంది. ఫోటోలో ఉన్నట్టే ఉంటాడు కదండీ?" అని నవ్వారు.

"అచ్చం అలాగే ఉంటాడండీ! మాదే పూచీ!" అనేశాడు వీరాఘవులు.

ఇంకేముంది! ఫోన్ పెట్టేసి కొడుకు ముఖం చూసి నెత్తి పట్టుకున్నాడు. మచ్చ ఉంది. గుంటలున్నాయి. పొగమంచు లేదు. ఇచ్చిన మాట ఏం గాను?

ఆదివారం పొద్దున్నే మంగాయమ్మ మైదా తడిపి కొడుకు ముఖాన గుంటలన్నీ పూడ్చింది. మచ్చ మీద ఇంకాస్త దట్టించింది. బుల్లియ్య సాంబ్రాణీ, కొబ్బరిపీచూ వేసి ఇల్లంతా పొగ పెట్టాడు. జుట్టు చుట్టూ వెలుగు కోసం నెత్తి వెనకాల బల్బు కట్టారు. హమ్మయ్య అనుకునేలోపు వీరాఘవులు ఫోటో మళ్ళీ చూశాడు.

"ఓరి నాయనో! ఇందులో వీడికి నడుం కింద ఏమీ లేదురా!"

అంతే, చిట్టెబ్బాయిని బియ్యం డ్రమ్ములో నిలబెట్టేశారు. "అన్నయ్యా, ఫోటో మాట్లాడదు. నోరెత్తావంటే సంబంధం గోవిందా," అని బుల్లియ్య గట్టిగా చెప్పాడు.

చుట్టాలు దగ్గుకుంటూ లోపలికొచ్చారు. "అబ్బాయేడండీ?" అన్నారు సత్తిరాజు గారు కళ్ళు తుడుచుకుంటూ.

"మీ ఎదురుగానే, డ్రమ్ములో," అన్నాడు వీరాఘవులు దర్జాగా.

"మీ పేరేంటండీ?" అని నూకరత్నం అడిగింది. చిట్టెబ్బాయి నవ్వుముఖం పెట్టుకుని ఉలకలేదు, పలకలేదు. బల్బు వేడికి మైదా ఎండి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. సత్తిరాజు గారు లేచారు. "పదమ్మా, ఈ ఇల్లేదో తేడాగా ఉంది!"

పిల్ల గుమ్మం దాకా వెళ్ళేసరికి చిట్టెబ్బాయికి ఏడుపు ఆగలేదు. "వెళ్ళిపోకండి! నాకు మచ్చుంది! గుంటలున్నాయి! కాళ్ళు కూడా ఉన్నాయండీ, ఫోటోలో రాలేదు గానీ రెండూ బాగానే ఉన్నాయి!" అని బావురుమన్నాడు. బుగ్గ మీది పెళ్ళ ఊడి పడింది, మచ్చ బయటపడింది.

నూకరత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నా, ఈయనకి అబద్ధం ఆడటం చేతకాదు. నాకు నచ్చారు. కానీ పెళ్ళికి ఈ పిండీ గిండీ వద్దు. ఆ మచ్చ నాకు కనబడాలి, అంతే!" అంది.

గుమ్మళ్ళ వారి సంతోషం ఇంతా అంతా కాదు. తీరా పెళ్ళినాడు ఫోటోలు తీయడానికి పట్టాభే వచ్చాడు. అతన్ని చూడగానే బుల్లియ్య తల్లి దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా! మచ్చ మాయం చేసినవాడు ఇతనే కదే! మళ్ళీ తీసేస్తే పెళ్ళి ఆగిపోదూ?"

"మన దగ్గర తెలివి లేదట్రా?" అని మంగాయమ్మ కాటుక భరిణె తీసింది. "ఒకటి పోతే ఇంకోటుంటుంది."

జీలకర్రా బెల్లం పెట్టారు, తెర దించారు. ఎదురుగా చిట్టెబ్బాయి, ముఖమంతా నల్లచుక్కలతో నువ్వుల అరిసెలా. నూకరత్నం వాడి నెత్తి మీద చెయ్యి తియ్యకుండానే, "ఏవండీ, నేను ఒప్పుకున్న మచ్చ ఏదండీ ఇందులో?" అంది.

చిట్టెబ్బాయి గర్వంగా ఎడమ బుగ్గ ముందుకు పెట్టాడు.

"పైనుంచి మూడోది!"