నల్ల బొట్టు కార్డు

మౌలాలి మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో నిదానంగా తుడుచుకునేవారు. ఆ తుడవడం అయ్యేసరికి అడిగినవాళ్లు అడిగిందే మర్చిపోయేవాళ్లు. గుంటూరులో పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆయనది. మెషిన్లలోంచి ఊడదీసిన సర్క్యూట్ కార్డులను బ్రష్షుతో, స్పిరిటుతో తుడిచి ఆరబెట్టి, ఏది ఏ పెట్టెలోదో చీటీ రాసి దారంతో కట్టడం అక్కడ నా పని.

ఆయన దగ్గర పని నేర్చుకునే వీరాంజనేయులు డిప్లొమా చదివాడు. ముప్ఫై దాటాయి. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఆ రోజు అతను అడిగిన ప్రశ్న ఇది.

"మాస్టారూ, మెషిను పలకనప్పుడు రోగం డిస్కుదా, దాన్ని నడిపే కార్డు మీద చిప్పుదా? కనిపెట్టేదెట్టా?"

అడగడానికి కారణం ఎస్తేరమ్మగారు తెచ్చిన పాత కంప్యూటరు పెట్టె. ఆవిడ ఎప్పుడో మూతపడిన ఒక కుష్ఠు ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి వెనక సమాధుల మీద నంబర్లే ఉంటాయి. పేరు వేస్తే ఇంటివాళ్లకు మాట వస్తుందని ఆ రోజుల్లో నంబరే చెక్కించేవారట. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పుస్తకాన్ని చెదలు తినేశాయి. మిగిలింది అప్పట్లో ఆవిడ ఈ కంప్యూటర్లో ఎక్కించిన రెండు వందల ఏడు పేర్ల జాబితా ఒక్కటే.

"వినుకొండ నుంచి ఒకాయన వచ్చాడు అబ్బాయ్. డెబ్బై దాటినాయన. ఆ రాళ్ల మధ్య నిలబడి, మా అమ్మ ఏదమ్మా అని నన్ను అడిగాడు. మళ్లీ ఆదివారం వస్తానన్నాడు. ఏ రాయి చూపించను?" అని ఆవిడ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు.

మొదట పెట్టె నాలుగు పేర్లు చూపించి ఆగిపోయింది. వీరాంజనేయులు కార్డు మీద అనుమానపడి, దాన్ని పీకి నా చేతికిచ్చి, కొట్లో ఉన్న మంచి కార్డు పెట్టాడు. ఈసారి మెషిను ఎక్కడా ఆగలేదు. చక్కగా లేచి, డిస్కులో ఏమీ లేదని చెప్పింది.

నేను చేతిలోని బ్రష్షు కింద పెట్టేశాను. ఆ పాత కార్డును అప్పుడే స్పిరిటు పెట్టి తుడిచాను. పేర్లు దాంతోపాటే తుడిచేశానేమో అనుకున్నాను. పేర్లుండేది డిస్కులో కదా అని ఒకసారి, మరి కార్డు మారిస్తే ఎందుకు పోయాయి అని ఇంకోసారి, ఎటూ తేలలేదు.

"డిస్కు కూడా పోయింది మాస్టారూ. ఫార్మాట్ కొడితే అసలు పనికొస్తదో లేదో తేలిపోద్ది."

"అంటే ఏంటి నాయనా?" అన్నారు ఎస్తేరమ్మగారు.

"పలక తుడవడం అనుకోండమ్మా. ఎట్టాగూ ఖాళీదే. పోయేదేముంది?"

వీరాంజనేయులు వేలు మీట మీద ఉంది. మాస్టారు కళ్లజోడు తుడవడం ఆపారు. అలా సగంలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆగు. ముందు ఆ కార్డుకి కట్టిన చీటీ చదువు."

వీరాంజనేయులు నా చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు. "యె, పె, న, బొ, వే. ఇదేం భాష భూలక్ష్మక్కా, జపాను నుంచి తెప్పించావా?"

నేను తల వంచుకున్నాను. మాస్టారు నవ్వలేదు.

"చీటీ చెడిపోయిందా?"

"లేదు మాస్టారూ."

"నీ కళ్లు?"

"బానే ఉన్నాయి."

"చించేద్దామా అయితే?"

వీరాంజనేయులు చీటీని బల్ల మీద పెట్టాడు. మాస్టారు చీటీ తీసుకుని నాకిచ్చారు. "రాసినవాళ్లని చదవనివ్వు. డిస్కుకైనా అంతే."

చదివాను. "యెస్తేరమ్మగారి పెట్టె. నల్ల బొట్టు. వేడి."

"వేడేంటక్కా?"

"ఆ పెద్ద చిప్పు మీద నల్ల బొట్టుంది. నువ్వు పీకి ఇచ్చినప్పుడు అది వేలు పెట్టనివ్వలా. మిగతావన్నీ చల్లగానే ఉన్నాయి."

అతను మీట మీద నుంచి వేలు తీసేశాడు. మంచి కార్డు ఊడదీసి, పాత కార్డును దాని చోటులోనే పెట్టాడు. నాలుగు పేర్లు వచ్చాయి. నల్ల బొట్టు చిప్పు వేడెక్కగానే మళ్లీ ఆగింది. అప్పుడు మాస్టారు గోడకున్న విసనకర్ర తీసి నా చేతిలో పెట్టారు. చల్లారేదాకా విసిరి, ఆపకుండా విసురుతూనే ఉన్నాను. పేర్లు కదిలాయి. ఎస్తేరమ్మగారు ఒక్కొక్కటే పైకి చదువుతుంటే వీరాంజనేయులు నోటుపుస్తకంలో రాశాడు. కొన్ని పేర్ల దగ్గర ఆవిడ ఆగి, "పాటలు బాగా పాడేవాడు," "ఈ పిల్లకి జామకాయలంటే ఇష్టం," అనేవారు. అవి కూడా రాయాలా వద్దా అని అతను మాస్టారి వైపు చూసేవాడు. మాస్టారు చూడనట్టు ఊరుకునేవారు. కాసేపటికి అతను అవి కూడా రాయసాగాడు.

నూట ముప్ఫై ఏడో నంబరు దగ్గర ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "తోకల మరియమ్మ. వినుకొండ." మళ్లీ చదివారు. ఆ పేరు మీద, అద్దానికి తగలకుండా, వేలు పెట్టి ఉంచారు.

నాకు మాత్రం తికమక తీరలేదు. ఒంట్లో బాగున్న కార్డు ఏమీ లేదంది. కాలిపోతున్న కార్డు, విసిరేవాళ్లుంటే, అన్నీ చెప్పింది. తప్పు ఎవరి మీద వెయ్యాలి? వీరాంజనేయులుకూ అదే బాధ అనుకుంటాను, కలం పక్కన పెట్టాడు.

"మాస్టారూ, నేనడిగింది అట్టానే ఉంది. రోగం డిస్కుదా, చిప్పుదా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. ఈసారి చివరిదాకా తుడిచారు.

"ఖాళీ అన్నది ఎవరు, వీరా?"

అతను పక్కన పెట్టిన మంచి కార్డు వైపు చూశాడు. మాస్టారు నా వైపు తిరిగారు.

"చెయ్యి ఆపకమ్మా. లోపల ఇంకా డెబ్బై మంది ఉన్నారు."